ఒకే ఊరు, రెండు పన్ను లెక్కలు: పదవీ విరమణ సొమ్ముపై రైల్వే ఉద్యోగికి ఒక నిబంధన, బొగ్గు సంస్థ ఉద్యోగికి మరొకటి

బిలాస్‌పూర్‌: ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైల్వే పట్టణంలో కేంద్ర ప్రభుత్వానికి చెందిన రెండు పెద్ద వ్యవస్థల ప్రధాన కార్యాలయాలున్నాయి. ఒకటి ఆగ్నేయ మధ్య రైల్వే. రెండోది కోల్‌ ఇండియా అనుబంధ సంస్థ అయిన సౌత్‌ ఈస్టర్న్‌ కోల్‌ఫీల్డ్స్‌. బొగ్గును తవ్వేది ఒకరు, దానిని దేశం నలుమూలలకూ చేరవేసేది మరొకరు. ఈ రెండింటిలోనూ నెలాఖరు రోజున కొందరు ఉద్యోగులు పదవీ విరమణ చేస్తుంటారు. సర్వీసు కాలం ఒక్కటే కావచ్చు, చివరి జీతమూ ఒక్కటే కావచ్చు. అయితే చేతికి వచ్చిన సొమ్ములో ఎంత తమది, ఎంత ఆదాయపు పన్ను శాఖది అన్న లెక్క మాత్రం ఇద్దరికీ ఒకే విధంగా ఉండదు.

రైల్వే ఉద్యోగి చట్టం దృష్టిలో కేంద్ర ప్రభుత్వోద్యోగి. బొగ్గు సంస్థ ఉద్యోగి ఒక కంపెనీ ఉద్యోగి. ఆ కంపెనీలో ప్రభుత్వానిదే పెత్తనమైనప్పటికీ పన్ను చట్టం దానిని ప్రభుత్వంగా గుర్తించదు. మొదటివారికి గ్రాట్యుటీ, సెలవుల నగదు, పింఛను కమ్యుటేషన్‌ మొత్తాలపై పరిమితి లేని మినహాయింపు ఉండగా, రెండోవారికి ప్రతిదానికీ ఒక గీత ఉంది. ఆ గీతను ప్రభుత్వం ఎప్పటికప్పుడు జరిపితే ఇబ్బంది లేదు. ఏళ్ల తరబడి జరపకుండా వదిలివేసినప్పుడే పెరిగిన జీతాలూ ధరలూ దానిని దాటిపోయి, పదవీ విరమణ సొమ్ములో గణనీయమైన భాగం పన్ను కిందకు పోతుంది. ఇటీవలి అనుభవం దీనినే రుజువు చేస్తున్నది.

తెలుగువారి రైల్వే పట్టణం

బిలాస్‌పూర్‌కూ తెలుగువారికీ ఉన్న బంధం రైలు పట్టాల వెంట వచ్చినదే. 1887లో ఏర్పడిన బెంగాల్‌ నాగపూర్‌ రైల్వే ఈ మార్గాన్ని నిర్మించింది. ఆ కంపెనీలోనూ, 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలోనూ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎందరో ఉద్యోగాలలో చేరారు. 2003 వరకూ వాల్తేరు, బిలాస్‌పూర్‌ డివిజన్లు రెండూ కలకత్తా కేంద్రంగా ఉన్న అదే ఆగ్నేయ రైల్వేలో భాగాలు. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే అమలులోకి వచ్చి, బిలాస్‌పూర్‌ దానికి కేంద్రమయింది. బిలాస్‌పూర్‌, రాయపూర్‌, నాగపూర్‌ డివిజన్లు దాని పరిధిలోకి వచ్చాయి.

ఈ కారణంగా ఇక్కడి రైల్వే కాలనీలలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. పదవీ విరమణ తర్వాత కొందరు ఇక్కడే స్థిరపడితే, మరికొందరు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలలోని స్వస్థలాలకు తిరిగి వెళతారు. పింఛను ఖాతాను ఏ ఊరి బ్యాంకు శాఖకు మార్చుకున్నా ఆదాయపు పన్నులో తేడా ఉండదు. అది కేంద్ర పన్ను కావడమే ఇందుకు కారణం. బిలాస్‌పూర్‌ బొగ్గు సంస్థకు వర్తించే నిబంధనలే సింగరేణికీ, విశాఖ ఉక్కు కర్మాగారానికీ వర్తిస్తాయి. కాబట్టి ఇది ఒక్క ఛత్తీస్‌గఢ్‌ పట్టణానికి పరిమితమైన సమస్య కాదు.

రైల్వే ఉద్యోగి చేతికి వచ్చేది

ఒక ఉదాహరణతో లెక్క సులభంగా బోధపడుతుంది. 33 ఏళ్ల సర్వీసు పూర్తి చేసి, పాత పింఛను విధానం కింద 2025 డిసెంబరు 31న, 60వ ఏట పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగి చివరి మూల వేతనం నెలకు 60,000 రూపాయలనుకుందాం. అప్పటి కరవు భత్యం 58 శాతం, అంటే 34,800 రూపాయలు. రెండూ కలిపి 94,800 రూపాయలు.

గ్రాట్యుటీని ప్రతి ఆరు నెలల సర్వీసుకు ఈ మొత్తంలో నాలుగో వంతు చొప్పున లెక్కిస్తారు. గరిష్ఠంగా పదహారున్నర నెలల వేతనం వస్తుంది. ఆ ప్రకారం ఇతనికి 15,64,200 రూపాయలు లభిస్తాయి. వాడుకోకుండా మిగిలిన సంపాదిత సెలవులు 300 రోజులుంటే పది నెలల వేతనం, అంటే 9,48,000 రూపాయలు వస్తాయి. పింఛను మూల వేతనంలో సగం, 30,000 రూపాయలు. ఇందులో 40 శాతం వరకు ముందుగానే ఏకమొత్తంగా తీసుకునే సదుపాయమే కమ్యుటేషన్‌. నెలకు 12,000 రూపాయలను వదులుకుంటే, 61వ ఏటికి నిర్ణయించిన 8.194 గుణకం ప్రకారం 11,79,936 రూపాయలు చేతికి వస్తాయి.

ఈ మూడూ కలిపి 36,92,136 రూపాయలు. దీనిపై పన్ను ఒక్క రూపాయి కూడా లేదు. భవిష్య నిధిలో పోగైన సొమ్ము దీనికి అదనం. దానిపైనా సాధారణంగా పన్ను ఉండదు. ఏడాదికి 5 లక్షల రూపాయలకు మించి సొంత చందా జమ చేసినవారికి మాత్రం, ఆ అదనపు చందాపై వచ్చే వడ్డీ 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి పన్ను పరిధిలోకి వచ్చింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించవలసి ఉంది. మొదటిది, ఈ మినహాయింపులు పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికీ, కొత్త విధానంలో ఉన్నవారికీ సమానంగా లభిస్తాయి. కొత్త విధానంలోకి వెళితే గ్రాట్యుటీపై పన్ను పడుతుందన్న భయం అనవసరం. రెండోది, సెలవుల నగదుపై మినహాయింపు సర్వీసు ముగిసినప్పుడు తీసుకునే మొత్తానికే. ఉద్యోగంలో ఉండగా సెలవులను నగదుగా మార్చుకుంటే ఆ మొత్తం ప్రభుత్వోద్యోగికి సైతం జీతంలో భాగమై పన్నుకు లోబడుతుంది.

కంపెనీ ఉద్యోగికి అడ్డుగీతలు

అదే 94,800 రూపాయల వేతనం, అదే 33 ఏళ్ల సర్వీసు ఉన్న కంపెనీ ఉద్యోగి సంగతి చూద్దాం. గ్రాట్యుటీని ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలను 26 పనిదినాలుగా భావించి లెక్కిస్తారు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలో ఉన్న ఈ సూత్రం, దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ కొనసాగింది. ఆ ప్రకారం ఇతనికి సుమారు 18,04,846 రూపాయలు రావాలి. రైల్వే ఉద్యోగి కంటే ఇది ఎక్కువే. 20 లక్షల రూపాయల పరిమితికి లోబడి ఉన్నందున దీనిపై పన్ను లేదు. సెలవుల నగదు 9,48,000 రూపాయలు కూడా ప్రస్తుత 25 లక్షల పరిమితికి లోపలే ఉంది.

కాబట్టి మధ్యస్థాయి వేతనం గల ఉద్యోగికి ఇప్పుడు పెద్ద నష్టమేమీ కనిపించదు. నష్టం మూడుచోట్ల తలెత్తుతుంది. వేతనం ఎక్కువగా ఉన్న అధికారులకు గ్రాట్యుటీ 20 లక్షలను దాటి చెల్లిస్తే, అదనపు మొత్తం పన్ను పరిధిలోకి వస్తుంది. ఉద్యోగాలు మారినవారికి ఈ పరిమితులు ఒక్కో సంస్థకు విడివిడిగా లభించవు. జీవితకాలం మొత్తానికి కలిపి ఒక్కటే పరిమితి. వెనుకటి సంస్థలో పొందిన మినహాయింపును ఇప్పటి పరిమితి నుంచి తీసివేస్తారు.

మూడోది పింఛను కమ్యుటేషన్‌. కంపెనీల చట్టం కింద ఏర్పడిన సంస్థల ఉద్యోగికి గ్రాట్యుటీ కూడా లభించినట్లయితే, పూర్తి పింఛను కమ్యుటేషన్‌ విలువలో మూడో వంతు వరకే మినహాయింపు వర్తిస్తుంది. గ్రాట్యుటీ లేని పక్షంలో సగం వరకు వర్తిస్తుంది. పై ఉదాహరణలోని 11,79,936 రూపాయలు కంపెనీ ఉద్యోగికి వచ్చాయనుకుంటే, పూర్తి పింఛను విలువ 29,49,840 రూపాయలవుతుంది. దానిలో మూడో వంతు 9,83,280 రూపాయలు. మిగిలిన 1,96,656 రూపాయలను ఆ ఏటి ఆదాయంలో కలపవలసి ఉంటుంది. రైల్వే ఉద్యోగికి ఇదే మొత్తంపై ఎలాంటి పన్నూ లేదు. అయితే పార్లమెంటు చట్టంతో ఏర్పడిన కార్పొరేషన్ల ఉద్యోగులను కమ్యుటేషన్‌ విషయంలో ప్రభుత్వోద్యోగులతో సమానంగా చూడటం గమనార్హం.

ఒక నెల తేడాతో 5 లక్షలు

పరిమితిని సవరించడంలో జాప్యం ఎంత ఖరీదైనదో సెలవుల నగదు చరిత్ర చెబుతుంది. ప్రభుత్వేతర ఉద్యోగులకు ఈ మినహాయింపు చాలాకాలం 3 లక్షల రూపాయల వద్దనే నిలిచిపోయింది. ఆ పరిమితిని 2002లో నిర్ణయించినప్పుడు ప్రభుత్వంలో అత్యధిక మూల వేతనం నెలకు 30,000 రూపాయలని 2023 బడ్జెట్‌ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌ స్వయంగా పేర్కొన్నారు. అంటే అత్యున్నత అధికారి పది నెలల జీతానికి సమానంగా పెట్టిన గీత అది. ఆ తర్వాత రెండు వేతన సంఘాల సిఫార్సులు అమలయినా ఆ గీత కదలలేదు. చివరకు 2023 ఏప్రిల్‌ 1 నుంచి వర్తించే విధంగా దానిని 25 లక్షలకు పెంచారు.

దీని ఫలితాన్ని మరో ఉదాహరణతో చూడవచ్చు. మూల వేతనం, కరవు భత్యం కలిపి నెలకు 2 లక్షల రూపాయలున్న ప్రభుత్వ రంగ సంస్థ అధికారికి 300 రోజుల సెలవులకు 20 లక్షల రూపాయలు వస్తాయి. ఆయన 2023 మార్చి 31న పదవీ విరమణ చేసి ఉంటే మినహాయింపు 3 లక్షలకే. మిగిలిన 17 లక్షలపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 5,30,400 రూపాయలు చెల్లించవలసి వచ్చేది. ఆయన సహోద్యోగి సరిగ్గా ఒక నెల తర్వాత, ఏప్రిల్‌ 30న విరమణ చేస్తే అదే 20 లక్షలపై పన్ను సున్నా. పుట్టిన నెలలోని తేడాయే ఇద్దరి మధ్య 5 లక్షలకు పైబడిన అంతరానికి కారణమయింది. అదే వేతనం గల రైల్వే అధికారికి మార్చిలో విరమణ చేసినా, ఏప్రిల్‌లో చేసినా ఈ బాధ ఉండేది కాదు.

ఈ వ్యత్యాసంపై ప్రభుత్వ రంగ సంస్థల, బ్యాంకుల విశ్రాంత ఉద్యోగులు న్యాయస్థానాలను ఆశ్రయించకపోలేదు. 2019లో ఢిల్లీ హైకోర్టు ఈ అంశాన్ని పరిశీలించి, ప్రభుత్వోద్యోగులకు వేరుగా మినహాయింపు ఇవ్వడం వివక్ష కాదని తేల్చింది. ప్రభుత్వ రంగ సంస్థలు రాజ్యాంగం దృష్టిలో రాజ్య వ్యవస్థలో భాగమైనంత మాత్రాన వాటి సిబ్బంది ప్రభుత్వోద్యోగులు కాబోరన్నది ఆ తీర్పు సారాంశం. అయితే 3 లక్షల పరిమితిని ఏళ్ల తరబడి సవరించకపోవడంపై మాత్రం ప్రభుత్వ వైఖరిని తెలపవలసిందిగా కోర్టు నోటీసు జారీ చేసింది.

గ్రాట్యుటీ విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. కంపెనీ ఉద్యోగుల పరిమితి 1997లో మూడున్నర లక్షలు, 2010లో 10 లక్షలు, 2018 మార్చి 29 నుంచి 20 లక్షలు. కాగా కేంద్ర ప్రభుత్వోద్యోగుల గరిష్ఠ గ్రాట్యుటీ 2024 జనవరి 1 నుంచి 25 లక్షలయింది. కరవు భత్యం 50 శాతానికి చేరిన ప్రతిసారీ ఈ మొత్తం నాలుగో వంతు పెరిగేలా ఏడో వేతన సంఘం ముందే ఏర్పాటు చేసింది. ధరలు పెరిగితే ప్రభుత్వోద్యోగి పరిమితి దానంతట అదే పెరుగుతుంది. కంపెనీ ఉద్యోగి పరిమితి పెరగాలంటే ఢిల్లీలో ఎవరో ఒకరు ఫైలు కదపాలి.

మర్నాటి నుంచి మరో లెక్క

విరమణ రోజున అందే మొత్తాలలో రైల్వే ఉద్యోగిది పైచేయి కాగా, మరుసటి నెల నుంచి వచ్చే పింఛను విషయంలో ఇద్దరూ సమానమే. నెలవారీ పింఛనును పన్ను చట్టం జీతంగానే పరిగణిస్తుంది. పింఛను ప్రభుత్వం దయతో ఇచ్చే దానం కాదని, గతంలో చేసిన సేవకు ప్రతిఫలమని 1982 డిసెంబరు 17న డి.ఎస్‌.నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు విశ్రాంత ఉద్యోగులకు సుపరిచితమే. ఆ రోజును పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. ప్రతిఫలం అయినందువల్లనే అది జీతాల పద్దు కిందకు వస్తుంది, పన్నుకూ లోబడుతుంది. అయితే జీతగాళ్లకు లభించే స్టాండర్డ్‌ డిడక్షన్‌ కూడా పింఛనుదారుకు లభిస్తుంది. పాత విధానంలో ఇది 50,000 రూపాయలు. కొత్త విధానంలో 2024-25 నుంచి 75,000 రూపాయలు.

మొదటి ఉదాహరణలోని రైల్వే ఉద్యోగికి కమ్యుటేషన్‌ పోను 18,000 రూపాయల పింఛను మిగులుతుంది. కరవు సహాయాన్ని మాత్రం తగ్గించిన పింఛనుపై కాక పూర్తి 30,000 పైనే లెక్కిస్తారు. 58 శాతం చొప్పున అది 17,400 రూపాయలు. నెలకు మొత్తం 35,400. ఇదే రేటు ఏడాది పొడుగునా ఉంటే 4,24,800 రూపాయలు. స్టాండర్డ్‌ డిడక్షన్‌ పోను 3,49,800. కొత్త విధానంలో 2025-26 సంవత్సరానికి 4 లక్షల వరకు పన్ను లేనందున ఇతను చెల్లించవలసింది ఏమీ లేదు. వదులుకున్న 12,000 రూపాయలు పదిహేనేళ్ల తర్వాత తిరిగి పింఛనులో కలుస్తాయి. అప్పటి నుంచి ఆ భాగం కూడా పన్ను లెక్కలోకి వస్తుంది.

కొత్త విధానంలో 2025-26కు 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుంచి 12 లక్షల వరకు 10 శాతం రేట్లున్నప్పటికీ, పన్ను విధించదగిన ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రాయితీ వల్ల పన్ను పూర్తిగా రద్దవుతుంది. స్టాండర్డ్‌ డిడక్షన్‌ను కలుపుకుంటే పన్నెండు లక్షల డెబ్బై అయిదు వేల వరకు పింఛను పొందేవారికి పన్ను బాధ లేనట్లే. అయితే షేర్ల అమ్మకం వంటి వాటిపై ప్రత్యేక రేట్లతో పడే పన్నుకు ఈ రాయితీ వర్తించదు. పాత విధానంలో 60 ఏళ్లు దాటినవారికి 3 లక్షలు, 80 ఏళ్లు దాటినవారికి 5 లక్షల ప్రాథమిక మినహాయింపు ఉంది. కొత్త విధానంలో వయసుతో నిమిత్తం లేదు.

పన్ను లేని సొమ్ము, పన్ను పడే వడ్డీ

విశ్రాంత ఉద్యోగులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఏకమొత్తంగా వచ్చిన సొమ్ముపై పన్ను లేదు కాబట్టి దానిపై వచ్చే వడ్డీకీ పన్ను లేదని భావిస్తుంటారు. అది సరికాదు. పై ఉద్యోగి తనకు వచ్చిన దానిలో 30 లక్షలను సీనియర్‌ సిటిజన్ల పొదుపు పథకంలో 8.2 శాతం వడ్డీకి జమ చేస్తే ఏడాదికి 2,46,000 రూపాయల వడ్డీ వస్తుంది. పింఛనుతో కలిపి వార్షికాదాయం 6,70,800 రూపాయలవుతుంది.

కొత్త విధానంలో స్టాండర్డ్‌ డిడక్షన్‌ తీసివేస్తే 5,95,800 మిగులుతుంది. రాయితీ వల్ల పన్ను ఉండదు. పాత విధానంలోనే కొనసాగితే స్టాండర్డ్‌ డిడక్షన్‌ 50,000, వృద్ధుల వడ్డీపై ఇచ్చే తగ్గింపు 50,000 పోను 5,70,800 మిగులుతుంది. ఆ విధానంలో రాయితీ 5 లక్షల ఆదాయానికే పరిమితం. ఇతర పొదుపులేవీ చూపకపోతే సెస్సుతో కలిపి 25,126 రూపాయల పన్ను చెల్లించవలసి వస్తుంది. ఒకే ఆదాయానికి ఒక విధానంలో సున్నా, మరొకదానిలో పాతిక వేలు. అందువల్ల ఏటా రెండు విధాలా లెక్క వేసి చూసుకోవడం మేలు. ఏదీ ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది.

పన్ను లేకపోయినా రెండు బాధ్యతలు తప్పవు. వయోవృద్ధుల వడ్డీ ఒక సంస్థలో ఏడాదికి లక్ష రూపాయలు దాటితే 2025 ఏప్రిల్‌ నుంచి మూలంలోనే పన్ను కోస్తారు. అంతకు ముందు ఈ హద్దు 50,000 రూపాయలు. తమకు పన్ను పడదని ముందుగానే ధ్రువీకరణ పత్రం సమర్పించినవారికి ఈ కోత ఉండదు. అలాగే తగ్గింపులకు ముందరి ఆదాయం ప్రాథమిక మినహాయింపును దాటితే, రాయితీ వల్ల పన్ను సున్నా అయినప్పటికీ రిటర్ను దాఖలు చేయవలసిందే.

75 ఏళ్లు దాటినవారికి 2021-22 నుంచి కొంత వెసులుబాటు కల్పించారు. పింఛను, వడ్డీ తప్ప వేరే ఆదాయం లేకుండా, ఆ రెండూ ఒకే బ్యాంకులో ఉంటే, బ్యాంకుకు ధ్రువపత్రం ఇచ్చి రిటర్ను దాఖలు నుంచి మినహాయింపు పొందవచ్చు. పింఛను బ్యాంకులోనూ, డిపాజిట్టు పోస్టాఫీసులోనూ ఉన్నవారికి మాత్రం ఈ వెసులుబాటు లభించదు.

కుటుంబ పింఛను వేరు

ఉద్యోగి మరణానంతరం భార్యకు లేదా భర్తకు అందే కుటుంబ పింఛనుకు నిబంధనలు వేరు. దానిని పొందేవారికీ ఆ సంస్థకూ మధ్య ఉద్యోగ సంబంధం లేనందున అది జీతం కాదు. ఇతర ఆదాయాల పద్దులో చూపవలసి ఉంటుంది. అందువల్ల స్టాండర్డ్‌ డిడక్షన్‌ వర్తించదు. దానికి బదులు కుటుంబ పింఛనులో మూడో వంతు లేదా 25,000 రూపాయలు, ఏది తక్కువైతే అది తగ్గిస్తారు. పాత విధానంలో ఈ తగ్గింపు 15,000 రూపాయలే.

జీతం కాదు కాబట్టి బ్యాంకులు సాధారణంగా దీనిపై మూలంలో పన్ను కోయవు. కోత లేదంటే పన్నే లేదని అర్థం కాదు. ఇంటి అద్దె, డిపాజిట్ల వడ్డీ కూడా ఉన్న వితంతువులు మొత్తం ఆదాయాన్ని కలిపి లెక్క చూసుకోవాలి. సర్వీసులో ఉండగా మరణించిన ఉద్యోగి సెలవుల నగదు వారసులకు చెల్లించినప్పుడు మాత్రం దానిపై పన్ను ఉండదు.

2004 తర్వాత చేరినవారు

2004 జనవరి 1 నుంచి రైల్వేలో చేరినవారికి పాత పింఛను విధానం లేదు. వారు జాతీయ పింఛను వ్యవస్థ పరిధిలోకి వస్తారు. 60వ ఏట తమ నిధిలో 60 శాతాన్ని ఏకమొత్తంగా తీసుకోవచ్చు. దానిపై పన్ను లేదు. మిగిలిన 40 శాతంతో తప్పనిసరిగా జీవిత బీమా సంస్థ నుంచి వార్షిక భృతిని కొనుగోలు చేయాలి. కొనే సమయంలో పన్ను లేకపోయినా, ఆ భృతి నెలనెలా చేతికి వచ్చినప్పుడు ఆదాయంగా పన్నుకు లోబడుతుంది. పాత విధానంలో వలె కరవు సహాయం దానికి తోడు కాదు.

2025 ఏప్రిల్‌ 1 నుంచి ఏకీకృత పింఛను పథకాన్ని కేంద్రం ప్రవేశపెట్టింది. 25 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం పింఛనుగా హామీ ఇవ్వడం దీని ప్రత్యేకత. పన్ను ప్రయోజనాల విషయంలో దీనిని జాతీయ పింఛను వ్యవస్థతో సమానంగా చూస్తామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది.

అరియర్లు వచ్చిన ఏడాది జాగ్రత్త

పింఛనుదారులు పట్టించుకోని మరో అంశం అరియర్లు. వేతన సంఘం సిఫార్సుల వల్లనో, పింఛను సవరణ వల్లనో గత సంవత్సరాల బకాయిలు ఒకేసారి వచ్చినప్పుడు, ఆ మొత్తమంతా చేతికందిన సంవత్సరపు ఆదాయంలో కలుస్తుంది. దానివల్ల ఆదాయం రాయితీ హద్దును దాటి పన్ను పడే అవకాశం ఉంది. ఏ సంవత్సరానికి చెందిన బకాయిని ఆ సంవత్సరానికి పంచి లెక్కించి ఉపశమనం కోరే వీలు 1961 చట్టంలోని 89వ సెక్షన్‌ కల్పించింది. ఇందుకు 10ఇ నమూనా పత్రాన్ని ముందుగా దాఖలు చేయాలి. పత్రం లేకుండా రిటర్నులో ఉపశమనం కోరినవారికి శాఖ నుంచి తిరస్కరణ నోటీసులు వస్తుంటాయి. జస్టిస్‌ రంజనా ప్రకాశ్‌ దేశాయ్‌ అధ్యక్షతన 2025లో ఎనిమిదో వేతన సంఘం ఏర్పాటయిన నేపథ్యంలో ఈ నిబంధనకు ప్రాధాన్యం పెరిగింది.

చట్టం మారింది, గీత మిగిలింది

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో పార్లమెంటు 2025 ఆగస్టులో కొత్త చట్టాన్ని ఆమోదించింది. దాని అమలు తేదీ 2026 ఏప్రిల్‌ 1. భాషను సరళం చేయడం, సెక్షన్ల సంఖ్యను తగ్గించడం దాని ధ్యేయాలు. సెక్షన్ల అంకెలు మారినందున పాత పత్రాలు, పాత అంకెలు కంఠస్థం చేసినవారు కొత్తవాటిని తెలుసుకోక తప్పదు. అయితే ఆ తేదీకి ముందు వచ్చిన ఆదాయాలకు పాత చట్టమే వర్తిస్తుంది. ప్రభుత్వోద్యోగికీ, కంపెనీ ఉద్యోగికీ మధ్య ఉన్న విభజన మాత్రం కొత్త చట్టంలోనూ కొనసాగింది.

ఇద్దరికీ ఒకే నిబంధన ఉండాలా, వద్దా అన్నది విధాన నిర్ణయం. న్యాయస్థానం కూడా దానిని ప్రభుత్వ విచక్షణకే వదిలింది. కానీ పరిమితిని పెట్టినవారు దానిని కాలానుగుణంగా సవరించే బాధ్యతను కూడా స్వీకరించవలసి ఉంటుంది. ప్రభుత్వోద్యోగి గ్రాట్యుటీని కరవు భత్యంతో ముడిపెట్టినట్లే, కంపెనీ ఉద్యోగుల పన్ను మినహాయింపులనూ ఏదో ఒక సూచీతో ముడిపెడితే 2023 మార్చిలో విరమణ చేసినవారికి ఎదురైన పరిస్థితి మరొకరికి ఎదురు కాదు. సెలవుల నగదుకు నిర్ణయించిన 25 లక్షలు ఈనాడు ఉదారంగానే కనిపించవచ్చు. 2002లో 3 లక్షలు కూడా అలాగే కనిపించాయి. ఈ రోజు బొగ్గు గనిలోనో, ఉక్కు కర్మాగారంలోనో కొత్తగా చేరుతున్న యువకుడు విరమణ చేసేనాటికి మూడు దశాబ్దాలు గడుస్తాయి. అతని సొమ్ములో ఎంత అతనికి దక్కుతుందన్నది, ఈలోగా ఆ గీత ఎన్నిసార్లు జరుగుతుందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.